నాజిళ్ల జోలికి వెళ్లొద్దు బావా

బావా,

నాజిళ్లు మార్చలేదు. ముందు ఈ ముక్క చదువుకో, తిట్టాలనుంటే తర్వాత తిడుదువుగాని. "నాలుగు నాజిళ్లూ మార్పించెయ్, డబ్బులు నేను వేస్తా" అని నువ్వు నీ తమ్ముడు చిన్నోడికి చెప్పేశావట. వాడు ఆ మాట పట్టుకుని బండి తెచ్చి నా షెడ్డు ముందు పెట్టాడు. నేను తాళాలు తీసుకుని జేబులో వేసుకున్నా. ఇదంతా ఫోన్లో చెబుదామంటే నువ్వు సగం విని "సరేలే, కానివ్వు" అంటావు. అందుకే కాగితం తీశా. మొదట్నించీ వరసగా చెబితే తప్ప నాకు తృప్తి ఉండదని నీకు తెలుసు కదా, డ్యూటీ దిగాక కాళ్లు చాపుకుని చదువు.

చిన్నోడు నీతో ఏమన్నాడు? "పొగ కొడుతోంది, లాగట్లేదు." అంతేనా? ఏ రంగు పొగ అని నువ్వు అడిగావా? ఎప్పుడు కొడుతోంది, ఖాళీగానా లోడుమీదా అని అడిగావా? డీజిలు బండి తన జబ్బు తనే చెబుతుంది బావా, వినేవాడు కావాలి గానీ. నల్లపొగ వస్తోందంటే డీజిలు వెళ్తోంది, దాన్ని కాల్చడానికి సరిపడా గాలి లేదు. నీలంపొగయితే ఇంజన్ ఆయిలు కాలుతోంది. తెల్లపొగలో మళ్లీ రెండు రకాలు. కళ్లు మండుతూ పచ్చి డీజిలు కంపు కొడితే అది కాలకుండా బయటికొచ్చేస్తున్న డీజిలు. ఆవిరిలా పోతూ తియ్యటి వాసన వేస్తే కూలెంటు సిలిండర్లోకి దిగుతోందన్నమాట, అప్పుడు హెడ్డు దించక తప్పదు.

మన బండిది నల్లపొగ. అదీ ఎప్పుడు? ఐడిల్లో లేదు. ఖాళీ బండికి లేదు. తోటలో కాయ ఎత్తుకుని ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్టుకి వెళ్లేటప్పుడు, ఫోర్తులో వేసి గట్టిగా తొక్కితేనే. పొద్దున్నే ఒక్క సెల్ఫుకి లేస్తోంది, ఇంజను గుండ్రంగా ఆడుతోంది. నాజిలు కారుతుంటే ఇలా ఉంటుందా? ఐడిల్లోనే బండి ఊగుతుంది, చల్లింజను మీద టకటకా కొట్టుకుంటుంది, పొద్దున సెల్ఫుకి సతాయిస్తుంది. అవేవీ లేనప్పుడు నాజిళ్లని ఎందుకు అనుమానించాలి చెప్పు?

అందుకని గాలి దగ్గర మొదలుపెట్టా. ఎయిర్ ఫిల్టరు తీసి చూస్తే తోట దుమ్ము నిండి ఉంది, మార్చా. కొంచెం తేడా వచ్చింది గానీ పొగ పోలేదు. అప్పుడు చిన్నోణ్ణి సీట్లో కూర్చోబెట్టి రేజ్ చెయ్యమని, నేను బానెట్టులో చెవి పెట్టా. సన్నగా బుస్సుమంటోంది. టర్బో నుంచి ఇంటర్‌కూలరుకి వెళ్లే రబ్బరు గొట్టం, క్లిప్పు పక్కన అడుగువైపు చిట్లింది. పైనుంచి ఎంత చూసినా కనపడదు. సబ్బునీళ్లు కొడితే బుడగలొచ్చాయి. ఐడిల్లో టర్బో పెద్దగా ఊదదు కాబట్టి చీలిక మూసుకునే ఉంటుంది. లోడుమీద తొక్కేసరికి నోరు తెరుస్తుంది. ఫిల్టరు దగ్గరున్న సెన్సారు లోపలికొచ్చిన గాలిని కొలిచి కంప్యూటరుకి చెప్పేసింది, కంప్యూటరు దానికి తగ్గ డీజిలు పోయించింది, గాలేమో మధ్యలో చిట్లిన చోట బయటికి పోయింది. మరి నల్లపొగ రాక ఏమొస్తుంది? గొట్టం, రెండు క్లిప్పులు మార్చాం. అదే లోడుతో అదే రోడ్డు మీద నేను పక్కన కూర్చుని వెళ్లొచ్చా. అద్దంలో వెనక రోడ్డు శుభ్రంగా కనపడింది.

ఆ గొట్టంలో సన్నగా ఆయిలు పూత ఉందని చిన్నోడు కంగారుపడ్డాడు, నీక్కూడా చెప్పే ఉంటాడు. అది మామూలే. ఇంజను ఆవిరి గొట్టంలోంచి వచ్చే చెమ్మ అది. గొట్టం వంపులో ఆయిలు మడుగు కట్టిందంటే అప్పుడు టర్బో సీలుని అనుమానించాలి. అయినా టర్బో షాఫ్టు వేళ్లతో పట్టుకుని కదిపి చూశా. గోడకి రాసుకోవడం లేదు, బాగానే ఉంది.

"అయితే మాత్రం, నాజిళ్లు పాతవే కదా, ఎలాగూ మార్చేవే" అంటావు, నాకు తెలుసు. నీ కోసం అదీ చూశా. నాలుగు నాజిళ్ల రిటర్ను గొట్టాలూ తీసి, ఒక్కోదానికీ ఒక్కో చిన్న సీసా తగిలించి, ఇంజను కాసేపు ఆడించా. లోపల అరిగిన నాజిలు డీజిలుని వెనక్కి ఎక్కువ వదిలేస్తుంది, దాని సీసా మిగతావాటికంటే ముందు నిండుతుంది. మన నాలుగు సీసాల్లోనూ మట్టం దాదాపు సమానంగా వచ్చింది. నాజిళ్ల రాగి వాషర్ల దగ్గర తారులాంటి మసి కూడా లేదు. ఇంకేం కావాలి? కామన్‌రైలు నాజిళ్లంటే ఒక్కోటీ ఎంతో నీకు తెలుసు. పైగా కొత్త నాజిలు బిగించగానే అయిపోదు, చాలావాటికి దాని మీదున్న కోడు స్కానరుతో బండి కంప్యూటరులోకి ఎక్కించాలి. అది చెయ్యకుండా పంపించేసే షెడ్లు ఉన్నాయి. అప్పుడు లేని నాకింగు మొదలై, మళ్లీ పంపు పోయిందంటారు.

ఇందాక అన్నట్టు బండి చెప్పేది వినాలి. నేను నమ్మేది అదొక్కటే బావా. ఏది చెడిందో రుజువయ్యేదాకా సామాను కొనకూడదు. రుజువు కూడా చవకైన చోట మొదలవ్వాలి. ఫిల్టరు, గొట్టం, వైరు, ఎర్తు. నువ్వు ఎడారిలో ఎండకి బండి తోలి పంపించే డబ్బు అది. దాంతో ఊరికే డబ్బాలు విప్పుతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

ఇక మొన్నటి వానకి బండి లేవలేదన్న కబురు నీదాకా వచ్చిందో లేదో. అత్తయ్యే ఫోను చేసింది, "అబ్బాయ్, వీడు గంట నుంచి సెల్ఫు కొడుతూనే ఉన్నాడు, ఊరంతా లేచింది" అని. నేను వెళ్లేసరికి బ్యాటరీ దిగిపోయింది. మీటరు పెడితే పన్నెండు వోల్టులు కూడా లేదు. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 చూపించాలి, సెల్ఫు కొట్టేటప్పుడు కూడా తొమ్మిదిన్నరకి దిగకూడదు. ఇంజను వేగంగా తిరగకపోతే కామన్‌రైలు బండి లేవదని చిన్నోడికి అప్పుడే మొదటిసారి తెలిసింది. రైల్లో సుమారు 200 బార్ ప్రెషరు వస్తే గానీ కంప్యూటరు నాజిళ్లని తెరవనివ్వదు. మన పాత పంపు బండిలా నలుగురు తోస్తే లేచిపోయే రోజులు పోయాయి.

నా షెడ్డు బ్యాటరీ తగిలించి, సెల్ఫు కొట్టించి సైలెన్సరు వైపు చూశా. ఒక్క పొగచుక్క రాలేదు. తెల్లపొగ వస్తే డీజిలు అందుతోంది, మండట్లేదు అనుకోవాలి. అసలు పొగే లేదంటే డీజిలు అందట్లేదు. ఫిల్టరు అడుగున మర తిప్పి గ్లాసులోకి వదిలా. పైన డీజిలు, కింద నీళ్లు, మధ్యలో గీత గీసినట్టు. డాష్‌బోర్డులో దానికో లైటు ఉంది, కొన్ని రోజులుగా వెలుగుతోందట. "అది ఎప్పుడూ వెలుగుతుంది అన్నా" అన్నాడు నీ తమ్ముడు! డీజిలు ఎక్కడ కొట్టించాడో అడిగా, ఆ బంకు పేరు ఇక్కడ ఎందుకులే. వానాకాలం సగం ట్యాంకుతో పడుకోబెట్టినా లోపల చెమ్మ పట్టి నీళ్లు దిగుతాయి, సాయంత్రమే నింపి పెట్టమని చెప్పా. నీళ్లు వదిలి, ఫిల్టరు మార్చి, చేతిపంపు గట్టిపడేదాకా నొక్కి ఎయిరు తీశాక లేచింది. పంపులోపల అన్ని మరలకీ డీజిలే ఆయిలు. నీళ్లు అక్కడిదాకా వెళ్తే తుప్పూ అరుగుదలా మొదలవుతాయి, అప్పుడు నిజంగానే నువ్వు నాజిళ్లూ పంపూ కొనాల్సి వచ్చేది.

ఇక్కడొకటి గట్టిగా చెప్పాలి, చిన్నోడికి నువ్వు కూడా చెప్పు. నేను వెళ్లేలోపు పక్కింటి లారీ డ్రైవరు పానా పట్టుకుని నాజిలు పైపు నట్టు వదులు చెయ్యబోయాడట. పాత బళ్లలో ఎయిరు తియ్యడానికి మనందరం అలాగే చేసేవాళ్లం కదా. కామన్‌రైల్లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంజను ఆడేటప్పుడు ఆ పైపులో 1600 బార్ దాకా ప్రెషరు ఉంటుంది. వెంట్రుకంత చీలికలోంచి వచ్చిన డీజిలు చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూదిగుచ్చినంత గాటే, లోపల చెయ్యంతా పాడవుతుంది, వెంటనే ఆపరేషను చెయ్యకపోతే వేళ్లు తీసెయ్యాల్సి రావచ్చు. కారుతోందేమో అని వేలుపెట్టి తడమడం అసలు వద్దు. అట్టముక్క అడ్డం పెట్టి చూడమను.

పోయిన చలికాలం సంగతి నీకు చెప్పానో లేదో. సంక్రాంతి ముందు చిన్నోడు చింతపల్లి వైపు కిరాయికి వెళ్లి లంబసింగిలో పడుకున్నాడు. తెల్లారి బండి సెల్ఫుకి తిరుగుతోంది, తెల్లపొగ గుప్పుగుప్పున వస్తోంది, లేవదు. ఎండ వచ్చి ఇంజను కాస్త వెచ్చబడ్డాక లేచింది. వాడు ఇంటికొచ్చి "కొండదేవత ఆపింది అన్నా" అన్నాడు. వచ్చాక నాలుగు గ్లోప్లగ్గులకీ వైరు తీసి మీటరు పెట్టా. మంచి ప్లగ్గు ఒక ఓం అటూఇటూ చూపిస్తుంది. మూడిటికి మీటరు కదల్లేదు. అవి ఎప్పుడు పోయాయో ఎవరికి తెలుసు? మన నూజివీడు ఎండకి గ్లోప్లగ్గులు చచ్చిపోయినా బండి లేస్తుంది. సిలిండర్లో నలిగిన గాలి వేడికే డీజిలు అంటుకుంటుంది. సున్నాకి దగ్గరున్న చలిలో ఆ వేడిని చల్లటి ఇనుము లాగేసుకుంటుంది. అక్కడ బయటపడుతుంది అసలు రంగు. ఏజెన్సీ కిరాయి ఒప్పుకునే ముందు ఒకసారి మీటరు పెట్టమని ఇప్పుడు నా దగ్గరికొచ్చే బళ్లన్నిటికీ చెబుతున్నా. ఇంకో మాట, లేవని బండికి గాలి గొట్టంలో పెట్రోలు గుడ్డ పెట్టేవాళ్లుంటారు. గ్లోప్లగ్గు ఎర్రగా కాలుతుండగా ఆ ఆవిరి లోపలికి వెళ్తే పేలుతుంది. పెట్టనివ్వకు.

హీటెక్కడం గురించి కూడా అడిగావు. అది నా మనసుకి కష్టం కలిగించిన విషయం. రేడియేటరు ముందు జల్లీలో ఊకా, పురుగులూ నిండితే బ్రష్షు పెట్టి కడిగా, అది మామూలే. మూత స్ప్రింగు మెత్తబడితే మార్చా. మూత సుమారు ఒక బార్ ప్రెషరు పట్టుకుంటేనే లోపలి నీళ్లు వందకి మరగకుండా 120 దాకా ఆగుతాయి, ఇరవై నిమిషాల్లో అయిపోయే పని కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోరు. అసలు విషయం వేరు. నువ్వు వెళ్లాక ఎవరో థర్మోస్టాటు పీకేశారు, "ఇక హీటెక్కదు తమ్ముడూ" అని. పైగా కూలెంటు తీసేసి బోరునీళ్లు పోశారు! మన బోరునీళ్లలో ఎంత ఉప్పుందో బిందె అడుగు చూస్తే చాలు. అదంతా ఇంజను లోపల పొర కడుతుంది. కూలెంటంటే చల్లబరిచే మందు అనుకుంటారు గానీ తుప్పు పట్టకుండా కాపాడేది కూడా అదే.

థర్మోస్టాటు తీసేస్తే ఏమవుతుంది అంటావా? ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాదు. ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు డీజిలు ఎక్కువ పోయిస్తుంది, కాలని డీజిలు గోడల వెంట దిగి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది, ఆయిలు పలచబడుతుంది. మైలేజి తగ్గిందని చిన్నోడు నెలల తరబడి ఏడుస్తుంటే కారణం ఇదే. మరి మొదట ఎందుకు హీటెక్కింది? ఫ్యాను క్లచ్చు. వేడెక్కాక కూడా ఫ్యాను వదులుగా తిరుగుతోంది, గాలి లాగట్లేదు. వేడి మీద ఇంజను ఆపి చేత్తో తిప్పితే బిగువుగా ఉండాలి. అదేదో చేత్తో నెట్టిన ఉయ్యాలలా ఊగుతోంది. క్లచ్చు మార్చి, థర్మోస్టాటు కొత్తది పెట్టి, మంచినీళ్లతో కడిగి, డిస్టిల్డు వాటరు సగం, కూలెంటు సగం పోశా. ముల్లు మధ్యకి ఎక్కి అక్కడే నిలబడుతోంది. నీ బండి ఇన్నాళ్లకి మళ్లీ సరైన వేడి మీద నడుస్తోందంటే నాకెంత హాయిగా ఉందో!

జాయింటు షాఫ్టులో క్రాసు ఒకటి టక్కుమంటోంది, గేరేసి వదలగానే. గ్రీజు పెట్టా గానీ ఆగదు, మార్చాలి. కమాన్ల సెంటరు బోల్టు బాగానే ఉంది. క్లచ్చు జారట్లేదు. బెల్టు ఓ ఏడాది వస్తుంది.

చిన్నోడి చెయ్యి గురించి నీకు చెప్పక తప్పదు. మంచి పిల్లాడు, బండిని శుభ్రంగా ఉంచుతాడు, నీ మీద భయం కూడా ఉంది. కానీ ఆపేముందు ఒకసారి గట్టిగా రేజ్ చేసి తాళం తీస్తాడు, పాత లారీల వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువు. తాళం తియ్యగానే ఆయిలు పంపు ఆగుతుంది, షాఫ్టు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఆయిలు లేకుండా. హైవే మీంచి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్లో ఉంచి ఆపమన్నా. ఇప్పుడు ఆపేముందు మీ అమ్మతో మాట్లాడి మరీ ఆపుతున్నాడు, అత్తయ్యకి అదీ బాగుంది.

ఇంకోటి, దీనికి మాత్రం కోప్పడ్డా. అరకు ఘాటు దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని తాళం తీసేసి న్యూట్రల్లో దిగాడట. బావా, నా చేతులు చల్లబడ్డాయి. పెట్రోలు ఇంజనులా డీజిలు ఇంజనుకి తనంతట తను వ్యాక్యూం పుట్టదు, దానికి వేరే పంపు ఉంటుంది, మన బండికి అది డైనమో వెనకే ఉంది. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. బూస్టర్లో నిలవున్న వ్యాక్యూం రెండు మూడు తొక్కులకి అయిపోతుంది, ఆ తర్వాత పెడలు రాయిలా బిగుసుకుంటుంది. టన్నున్నర లోడు, మలుపు, కింద లోయ. మిగిలే డీజిలు కూడా ఏమీ లేదు. గేర్లో ఉండి కాలు తీసేస్తే కామన్‌రైలు బండికి డీజిలు దానంతటదే ఆగిపోతుంది. ఇది అర్థమయ్యేలా చెప్పాక వాడి ముఖం చూడాల్సింది. అయినా నువ్వు కూడా ఫోన్లో ఒక మాట అను. నేను అన్నదానికంటే నువ్వు అన్నదానికి విలువెక్కువ.

ఇక నువ్వడిగిన పెద్ద ప్రశ్న, దీన్ని అమ్మేసి కొత్తది తీసుకుందామా అని. నన్నడిగితే ఇప్పుడే వద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చేవన్నీ బీఎస్-6 బళ్లు, పొగ చాలా తక్కువ, ఆ మేలు నేను కాదనను. షెడ్డులో రోజంతా పొగ పీల్చేవాణ్ణి నేనే కదా. కానీ డీజిలు బళ్లలో సైలెన్సరు దారిలో మసిని పట్టే ఫిల్టరు పెట్టారు. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టరు దాదాపు 600 డిగ్రీలకి వేడెక్కాలి, అంటే బండి ఆగకుండా కొంతదూరం వేగంగా నడవాలి. మనవాడు చేసేదేమిటి? తోటలో అరగంట ఐడిల్లో నిలబెట్టడం, నాలుగు కిలోమీటర్లు వెళ్లడం, మళ్లీ ఆపడం. మామిడి సీజను దాటాక వాడికి దూరం కిరాయిలు దొరికి, వారానికి రెండుసార్లు హైవే ఎక్కుతుంటే అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పటి మన బండికి ఇంజను గట్టిగా ఉంది. ఆయిలు మట్టం పెరగట్లేదు, తగ్గట్లేదు. నల్లగా ఉందని నువ్వు కంగారుపడకు, డీజిలు బండిలో కొత్త ఆయిలు రెండ్రోజుల్లో నల్లబడుతుంది. పాలమీగడ రంగుకి తిరిగితేనే భయపడాలి.

చెల్లెమ్మా పిల్లలూ బాగున్నారు, పెద్దదానికి స్కూలు తెరిచారు. అత్తయ్య చిన్నరసాలు మాగేసి నీ కోసం మామిడి తాండ్ర పోయించింది, వచ్చే నెల మీవైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే పంపిస్తానంది. నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటే కబురు చెయ్యి. నాజిళ్లకని నువ్వు చిన్నోడి ఖాతాలో వేసిన డబ్బుల్లోంచి గొట్టానికీ ఫ్యాను క్లచ్చుకీ థర్మోస్టాటుకీ ఫిల్టర్లకీ పోగా మిగిలినవి వాడి దగ్గరే ఉన్నాయి, బిల్లులు అత్తయ్యకిచ్చా. దాంట్లోంచే క్రాసు మార్పించనా, లేక నువ్వొచ్చేదాకా ఆగమంటావా? నన్నడిగితే ఆగొద్దు, షాఫ్టు రోడ్డు మీద ఊడితే బ్రేకు పైపుల్ని కూడా తెంచుకుపోతుంది. ఆదివారం ఫోన్ చెయ్యి, ఇంజను చప్పుడు వినిపిస్తా.

నీ బావ